రెండో కంప్యూటరు

ఆ వాసన మొదట బల్లిదే అనుకున్నాను. మా దీవిలో వానాకాలం వస్తే ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి కుళ్ళుతూనే ఉంటుంది. చాప అడుగున తేమ, గోడ సందులో ఎలుక, కొట్టంలో సరిగ్గా ఎండని కొబ్బరి. మురిగిన కొబ్బరి కంపు నాకు పుట్టినప్పటినుంచీ అలవాటు. ఇది అది కాదు. కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడే వచ్చేది. లేచి వాకిట్లోకి వెళితే పోయేది. మళ్ళీ వచ్చి కూర్చుంటే ముక్కులో దూరి గొంతులో తిష్ట వేసేది.

ఆ కంప్యూటరు బడివాళ్ళు వద్దనుకున్నది. బడికి కొత్తవి వచ్చినప్పుడు మా ఆయన తోమాసి దాన్ని అడిగి పుచ్చుకుని, కొబ్బరికాయలు మోసే తోపుడుబండిలో పెట్టి, పైన అరటాకులు కప్పి ఇంటికి తెచ్చాడు. అప్పటికి నాకు నా పేరు రాయడం కూడా రాదు. లుసియానా టీచరు ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఆడవాళ్ళకి చదువు చెప్పేది. పుస్తకాలు చాలక, మా ఇంటికొచ్చి ఈ కీబోర్డు మీదే నేర్పింది. అందుకే నాకు అక్షరాలు బడిపిల్లల వరసలో రావు, కీబోర్డు మీద ఉన్న వరసలో వస్తాయి. ఎడమ మూల మొట్టమొదటిది క్యూ. మా భాషలో దాన్ని ముక్కుతో పలుకుతాం. ఇప్పటికీ ఏదైనా మాట రాయాలంటే ముందు వేలు కదులుతుంది, ఆ తరవాతే బుర్ర.

తోమాసి పాటలు కట్టేవాడు. పండగలకి ఆడవాళ్ళు చాపల మీద వరసగా కూర్చుని చేతులతో ఆడే ఆటలకి కట్టిన పాటలు. ఆయన పోయాక ఆ పాటలు ఒక్కో నోట ఒక్కో రకంగా పాడైపోవడం మొదలైంది. ఒకామె పదం మింగేస్తుంది, ఇంకొకామె తన పుట్టింటి ఊరి పేరు ఇరికిస్తుంది. అందుకని నాకు గుర్తున్నవన్నీ టైపు చేస్తున్నాను. సగం దాకా వచ్చాయి. ఆ పనికి ఆ పాత పెట్టె చాలు. మెల్లగా తెరుచుకుంటుంది. మీట నొక్కి, స్టవ్వు మీద టీ పెట్టి వచ్చేసరికి తెర వెలుగుతుంది. నాకేం తొందర లేదు.

వాసన మొదలయ్యాక మాత్రం ఒక్క పాట ముందుకు సాగలేదు.

ముందుగా నా తోడికోడలు తోరికా వచ్చింది. గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకుంది.

"ఏంటక్కా ఇది? ఇంట్లో ఎవరైనా చచ్చారా ఏంటి?"

"చచ్చినవాడు ఎప్పుడో చచ్చాడే. ఇది కొత్త కంపు."

తోరికా నవ్వింది కాని లోపలికి రాలేదు. వెళ్ళి మొగుణ్ణి పంపింది. ఎపెలి నాకు మరిది, తోమాసి తమ్ముడు. కిందటి వారం కంప్యూటరు తీగ వదులైందని వచ్చి బిగించి వెళ్ళింది కూడా అతనే. ఈసారి స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చి, నాకు వీపు పెట్టి కూర్చుని, సీపీయూ పక్కరేకు విప్పాడు. లోపల చెయ్యి పెట్టి తడిమి, చచ్చిన బల్లినొకదాన్ని తోక పట్టుకుని తీసి నా మొహం ముందు ఆడించాడు.

"చూడు వదినా, నీ ఇంట్లో అద్దెకున్నవాడు. అద్దె ఇచ్చాడా మరి?"

"ఛీ, అవతల పారెయ్."

పారేశాడు. చేతులు తన సులుకే తుడుచుకున్నాడు. నడుముకి చుట్టుకున్న ఆ గుడ్డతోనే కాసేపటికి మూతి కూడా తుడుచుకున్నాడు. బల్లి పోయినా వాసన పోలేదు.

"ఒక్కటే అనుకున్నావా? లోపల దాని వంశమంతా ఉంది. గుడ్లు, పెంటికలు, బొద్దింకలు. కడిగితే కంప్యూటరు చస్తుంది. కడక్కపోతే నువ్వు చస్తావు. ఆ గాలి ఊపిరితిత్తులకి పడుతుంది." అంటూనే రేకు మళ్ళీ బిగించేశాడు. "నువ్వు మాత్రం తెరవకు. కరెంటు కొడుతుంది."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"కొత్తది కొనుక్కో. పట్నంలో, లంబాసాలో మంచివి వచ్చాయి."

"కొత్తది నాకెందుకురా? నేను చేసేదల్లా పాటలు టైపు చెయ్యడం."

"మా అన్న పాటలు ఈ కంపులో కూర్చుని టైపు చేస్తావా వదినా? ఆయనకి మర్యాదేనా అది?"



మాలో కెరెకెరె అని ఒక మాట ఉంది. అయినవాళ్ళు వచ్చి ఆ మాట అని ఏదైనా అడిగితే లేదనకూడదు. లేదన్నామా, సాయంత్రానికల్లా మత్తు వేళ్ళు దంచి నీళ్ళలో కలిపిన కావా తాగే ప్రతి పాకలోనూ మన పేరు నలుగుతుంది. కాకపోతే, ఇంట్లో ఒక్కటే ఉన్న వస్తువుని అడగడం అడిగినవాడికే సిగ్గు. రెండుంటే ఇచ్చి తీరాలి. ఎపెలికి నా కంప్యూటరు మీద ఎప్పటినుంచో కన్ను. ఇంటి పక్కనున్న తన పాకలో రగ్బీ ఆటలూ కొట్లాటల సినిమాలూ వేసి, చూడ్డానికి వచ్చినవాళ్ళ చేత కావా కొనిపించాలని ఆశ. "నీకు ఒక్కటే ఉందని బతికిపోయావు వదినా" అని నా ముందే అనేవాడు. వదినా మరుదుల మధ్య ఆ మాత్రం వేళాకోళం మామూలే కనక నేనూ నవ్వేదాన్ని.

కొత్తది కొంటే పాతది అతని పాకకి పోతుందని నాకు తెలుసు. తోమాసి తోపుడుబండి మీద తెచ్చిన పెట్టె, నాకు అక్షరాలిచ్చిన పెట్టె, మగవాళ్ళు ఉమ్ములేసే చోటికి పోతుంది. ఇవ్వనంటానికి లేదు. కీబోర్డు ఒక్కటీ దాచుకుంటే చాలునా అని కూడా ఆలోచించాను. అలా ఆలోచిస్తూ మళ్ళీ కూర్చుని చూశాను. ఒక పాదం టైపు చేసేలోపే వాంతి వచ్చినంత పనైంది. సరే, చూసొద్దాం అన్నాను.

మర్నాడు కొండ మీదుగా లంబాసా వెళ్ళే బస్సెక్కాం. చూడడానికి నేను, చూపించడానికి ఎపెలి. దుకాణం తలుపు తియ్యగానే చలిగాలి, కొత్త ప్లాస్టిక్ వాసన. ఇన్నాళ్ళ కంపు తరవాత ఆ వాసన ఎంత హాయిగా ఉందంటే, అక్కడే నాలుగు గుక్కలు గట్టిగా పీల్చాను. దుకాణం కుర్రాడి పేరు విమలేశ్. ఎపెలి వాడికి ముందే కబురు చేసినట్టున్నాడు. వాడు మమ్మల్ని నేరుగా ఒక పెద్ద పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు. దానికి ఒకవైపు రేకు బదులు గాజు పలక. లోపల ఎర్రగా, నీలంగా, పచ్చగా దీపాలు తిరుగుతున్నాయి.

"గాజు ఎందుకు బాబూ?"

"లోపలంతా కనబడ్డానికి ఆంటీ."

"లోపల చూసేదేముంది?"

"అందం ఆంటీ. ఇప్పుడందరూ ఇవే అడుగుతున్నారు."

"నా పెట్టె లోపల ఏముందో తెలిసే ఇక్కడిదాకా వచ్చాను. ఇంక ఏ పెట్టె లోపలా చూడాలని లేదు."

విమలేశ్ మొహంలో నవ్వు చెరగలేదు. "మీరు కంప్యూటర్లో ఏం పని చేస్తారు ఆంటీ?"

"పాటలు టైపు చేస్తాను."

"అయితే మీకిదే సరైంది. మీరు ఒక్క అక్షరం కొట్టేలోపు ఇది లక్ష పనులు చేసేస్తుంది."

"నేను ఆ అక్షరం వెతుక్కునేదాకా ఏం చేస్తుంది?"

"ఎదురుచూస్తుంది ఆంటీ."

"నా పాతదీ అదే చేస్తోంది."

ఎపెలి మా మాటలు వినడంలేదు. గాజు పలక మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు. పెళ్ళివిందులో నేలపొయ్యి తవ్వి, ఆకులు తీసి, ఉడికిన పందిని బయటపెట్టినప్పుడు ముందు వరసలో కూర్చున్నవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో అతని మొహం అలా ఉంది. నాలుకతో పెదాలు తడుపుకుంటున్నాడు. చూడలేక తల తిప్పుకున్నాను. తిప్పుకున్న వైపున దాని కీబోర్డు ఉంది.

ఊరికే ఒక మీట నొక్కాను. మెత్తగా కిందికి దిగింది, చప్పుడు లేకుండా. తెర మీద అక్షరం అప్పటికే ఉంది. ఇంకోటి నొక్కాను. తోమాసి పాటలో మొదటి మాట దానంతటదే వచ్చేసింది. తెల్లగా, శుభ్రంగా, ఏ కంపూ లేకుండా. నాకు నోరూరింది. నిజంగానే నోట్లో నీళ్ళూరాయి. ఆ పెట్టెతో నాకు పని లేదని నాకు తెలుసు. తెలిసీ చెయ్యి వెనక్కి రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. ఎపెలి మొహం చూసి అసహ్యపడ్డదాన్ని, ఆ క్షణంలో నా మొహం ఎలా ఉందో ఎవరు చూశారు?

"శుక్రవారం వచ్చి తీసుకెళతాను" అన్నాను.

విమలేశ్ నా పేరు కాయితం మీద రాసి పెట్టెకి అంటించాడు. అక్షరాలు తప్పు రాశాడు. దిద్దాలనిపించలేదు.

తిరుగు బస్సులో ఎపెలి బంగాళాదుంప కూర చుట్టిన రొట్టెలు కొనుక్కొచ్చి ఒకదాని తరవాత ఒకటి తిన్నాడు. నూనె చేతులు సీటుకి రాశాడు. మధ్య మధ్య నా భుజం తట్టి, "మా వదిన మహారాణి" అన్నాడు. కొండ మలుపుల్లో బస్సు వంగినప్పుడల్లా ఆ రొట్టెల వాసన, దాని కింద నా ముక్కులోంచి వదలని పాత కంపు. రెండూ కలిసి ఊరొచ్చేదాకా నన్ను చంపాయి.

గురువారం కర్రపెండలం ఎక్కువ ఉడికించానని తోరికాకి కాస్త పట్టుకెళ్ళాను. వాళ్ళ ముందుగదిలో పాక వైపు కిటికీ ఉన్న మూల సామానంతా తీసేసి బల్ల వేసి ఉంది. దాని మీద తోరికా తన చేత్తో అల్లిన తెల్లటి లేసు గుడ్డ. గోడకి కొత్తగా కరెంటు ప్లగ్గు బిగించి ఉంది.

"ఎలా ఉందక్కా?" అంది మురిసిపోతూ.

"బాగుంది. దేనికే ఇది?"

"అదేంటక్కా, కొత్త కంప్యూటరుకి. తెచ్చాక కొత్తది మాకిచ్చేసి పాతది నువ్వే ఉంచుకుంటావటగా. చేతికి అలవాటైంది, అది వదల్లేనన్నావట. మీ మరిది చెప్పాడు."

"నేనన్నానా?"

"అన్లేదా?"

"మరి దాని కంపో?"

"అది తను ఒక్క పూటలో పోగొట్టేస్తానన్నాడక్కా. ఎంతసేపు అన్నాడు."

పాపం దానికేం తెలీదు. లేసు గుడ్డ అంచు సర్దుతూనే ఉంది. కర్రపెండలం గిన్నె దాని చేతిలో పెట్టి వచ్చేశాను.

కడిగితే చస్తుందన్న పెట్టె కంపు ఒక్క పూటలో ఎలా పోతుంది? ఇంటికొచ్చి తోమాసి పనిముట్ల డబ్బా తీశాను. ప్లగ్గు పీకేసి, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని పక్కరేకు విప్పాను. ఎపెలి చెప్పినవన్నీ లోపల ఉన్నాయి. తేమకి ముద్ద కట్టి ఎలుక బొచ్చులా అయిన దుమ్ము. మిరియాల్లా బొద్దింక పెంటికలు. ఒక మూల బల్లి గుడ్ల డొల్లలు, తెల్లగా. ఇవేవీ కంపు కొట్టేవి కావు. అడుగున ఒక ఖాళీ అర ఉంది. బడివాళ్ళు అందులోంచి ఏదో భాగం ముందే తీసేసుకున్నారు. ఆ అరలోకి ప్లాస్టిక్ సంచి ఒకటి కుక్కి ఉంది. మూతి విప్పి ఉంది, కంపు బయటికి రావాలనే.

స్క్రూడ్రైవరు మొనతో లాగాను. సంచిలో చేపతల. కళ్ళున్న చోట గుంటలు. గుంటల్లో తెల్లటి పురుగులు, ఒకదాని మీద ఒకటి, కుతకుతలాడే గంజిలా. వాకిట్లోకి పరిగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కాను.

మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చూశాను. పార చేప తల. నిటారు నుదురు, మొండి మూతి. ఎంత కుళ్ళినా అది తెలిసిపోతుంది. బల్లి దానంతటది దూరుతుంది. చేపతల నడిచి రాదు. పైగా మా ఊళ్ళో చేపతల పారేసేవాళ్ళెవరూ లేరు. చేపంటేనే తల. కొబ్బరిపాలల్లో ఉడికించి ఇంట్లో పెద్దకి ముందు పెట్టేది అదే. పార తల పనికిరాని ఇల్లు ఊరి మొత్తానికి ఒక్కటే ఉంది. తోరికా పుట్టింటివాళ్ళకి ఆ చేప నిషిద్ధం. తినకూడదు, ముట్టకూడదు, ఇంట్లోకి రానివ్వకూడదు. ఆమె ముందు దాని పేరు కూడా మేము ఎత్తం. అందుకని వలలో పార పడితే ఎపెలి ఒడ్డునే కోసి గాలానికి ఎర చేసుకుంటాడు. తల అక్కడే వదిలేస్తాడు. ఒకటి మాత్రం వదల్లేదన్నమాట.

ఆ సాయంత్రమంతా పాత పళ్ళ బ్రష్షుతో, పొడి గుడ్డలతో ఆ పెట్టె మూలమూలా తుడిచాను. మధ్యలో రెండుసార్లు ఆపి బయటికి పోయాను. అన్నీ బిగించి, మీట నొక్కి, టీ పెట్టుకోడానికి వెళ్ళాను. వచ్చేసరికి తెర వెలిగి ఉంది. దాని రోగమల్లా మా మరిదే.

శుక్రవారం పొద్దున్నే ఎపెలి పాకకి వెళ్ళాను. బస్సు వేళ కాకముందే నలుగురైదుగురు మగవాళ్ళు చేరి, గిన్నెలో కావా కలిపేసుకున్నారు. కొత్త పెట్టె వస్తోందని అందరికీ చెప్పినట్టున్నాడు. పెద్దాయన రుపేని స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఎపెలి ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. నా చేతిలో పళ్ళెం, దాని మీద అరటాకు చూసి మొహం విప్పారింది.

"ఏంటి వదినా, దారికి తిండి కూడా తెచ్చావా?"

"తల తెచ్చాను. మీ అన్న పోయాక ఇంటికి పెద్దవాడివి నువ్వే కదా."

అందరి ముందూ ఆ మర్యాద జరిగేసరికి ఎపెలి బాసింపట్టు సర్దుకుని, పళ్ళెం దగ్గరికి లాక్కుని ఆకు తీశాడు.

పాకలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి వెనక్కి జరిగారు. ఒకడి చేతిలో కావా చిప్ప ఒలికిపోయింది. రుపేని ముక్కు మూసుకునే అడిగాడు.

"ఎక్కడిదమ్మాయ్ ఇది?"

"నా కంప్యూటర్లో దొరికింది బాబాయ్."

వెనకనుంచి ఎవరో మొదలుపెట్టారు.

"కంప్యూటర్లో చేపలు కూడా పడతాయట్రా ఎపెలీ? మాకు చెప్పనేలేదు."

"ఏం ఎర వేశావేంటి?"

"వదిన్ని వేశాడు."

నవ్వులు. రుపేని నవ్వలేదు. తల వైపు చూశాడు, ఎపెలి ఇంటి వైపు చూశాడు. "ఈ చేప తల అక్కర్లేని ఇల్లు ఊళ్ళో ఒక్కటేరా" అన్నాడు, చేప పేరు ఎత్తకుండా.

అప్పుడే తోరికా నీళ్ళబిందెతో వచ్చింది. రుపేని గబగబా ఆకు కప్పబోయాడు కాని ఆమె చూడనే చూసింది. బిందె కింద పెట్టి, కాలికి ఏదో తగిలినట్టు వెనక్కి వెళ్ళింది. ఆమె చూపు నా మీద ఆగలేదు. మొగుడి చేతుల మీద ఆగింది.

"అది నువ్వు పట్టుకున్నావా?" అంది.

ఎపెలి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ చేత్తోనే నా కుండలో దుంపలు వేశావు. ఆ చేత్తోనే నాకు నీళ్ళిచ్చావు."

ఇంక ఎవరూ నవ్వలేదు. తోరికా ఇంట్లోకి వెళ్ళింది. కాసేపటికి కుండలూ గిన్నెలూ వాకిట్లోకి వచ్చి పడడం మొదలైంది. వాటితోపాటు ఆ లేసు గుడ్డ కూడా.

"ఇంకో మాట" అన్నాను నేను, అందరికీ వినబడేలా. "నేను లంబాసా వెళ్ళడంలేదు. నాకున్నది ఒక్కటే. ఒక్కటే ఉంటుంది."

ఆ మైల పోవడానికి రుపేని ఎపెలిని సముద్రంలో మునిగి రమ్మన్నాడు. ఇస్త్రీ చొక్కాతోనే వెళ్ళాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎపెలి మా ఇంటికి వచ్చాడు. చంకలో కావా వేళ్ళ కట్ట. గుమ్మం అవతలే నేల మీద కూర్చుని, కట్ట ముందు పెట్టి, తల వంచి, తప్పు ఒప్పుకునేటప్పుడు చెప్పే మాటలన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పాడు. బాగానే చెప్పాడు, పాటలు కట్టే ఇంట్లో పుట్టినవాడు కదా. ఆ కట్ట ముందు పెట్టాక కాదనే ఆచారం మాకు లేదు. చేతులు దొప్పలా పట్టి చప్పట్లు కొట్టి పుచ్చుకున్నాను. అతని చేతుల వైపు మాత్రం చూడలేదు.

తంతు అయిపోగానే తల ఎత్తాడు. మొహంలో అప్పుడే పాత నవ్వు.

"ఏమాటకామాట వదినా, ఆ గాజు పెట్టె మాత్రం బాగుంది కదా?"

"బాగుంది."

"మరి కొనవా?"

"కొంటాను. నువ్వు నీ పడవకి రెండో ఇంజను కొన్న రోజున కొంటాను."

నవ్వబోయి ఆగాడు. ఒడ్డున అతని పడవా, దానికున్న ఒకే ఒక్క ఇంజనూ మా గుమ్మంలోంచి కనబడుతూనే ఉన్నాయి. ఒకసారి అటు చూసి, సులు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

కంపు పూర్తిగా పోలేదు. పెట్టె వేడెక్కితే ఏ మూలనుంచో సన్నగా వస్తుంది. అది రాగానే పురుగులు గుర్తొస్తాయి, వాటి వెనకే ఆ మెత్తటి మీట గుర్తొస్తుంది. రెంటిలో ఏది ఎక్కువ రోతో చెప్పలేను. కావా వేళ్ళ కట్ట తెచ్చి సీపీయూ పక్కన పెట్టాను, ఆ మట్టి వాసన కాస్త అడ్డుపడుతుందని. మీట నొక్కి టీ పెట్టుకోడానికి వెళ్ళాను. వచ్చేసరికి తెర వెలిగింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పాట ఆగిపోయిన చోట వేలు పెట్టాను.